‘మానేశాడు’ అనాలా, ‘ఆగిపోయింది’ అనాలా?

జార్జ్ జోన్స్ పాడిన ‘హీ స్టాప్డ్ లవింగ్ హర్ టుడే’ పేరుని తెలుగులో ఎలా చెప్తారని నిన్న ఇక్కడ ఒకరు అడిగారు. ‘అతని ప్రేమ ఇవాళ ఆగిపోయింది’ అని ఒక మిత్రులు రాశారు. వినడానికి బావుంది కానీ, నాకెందుకో అక్కడే పాట చెడిందనిపించింది.

వినని వాళ్ల కోసం కథ చెప్తాను. ఇది 1980లో వచ్చిన అమెరికన్ కంట్రీ పాట, అంటే అక్కడి పల్లె బాణీ పాట. రాసింది బాబీ బ్రాడక్, కర్లీ పట్‌మన్. కంఠంలో ప్రాణం ఉన్నంతవరకు నిన్నే ప్రేమిస్తానని ఒకడు ఆమెకి మాటిస్తాడు. ఆమె వెళ్లిపోతుంది. పాత ఉత్తరాలు మంచం పక్కనే పెట్టుకుని, అందులో ‘ఐ లవ్ యూ’ అని ఉన్న ప్రతిచోటా కింద ఎర్రగీత గీసుకుంటాడు. ఒకరోజు స్నేహితుడు చూడ్డానికి వెళ్తే చక్కగా ముస్తాబై, ఎన్నో ఏళ్ల తర్వాత ముఖాన నవ్వుతో కనిపిస్తాడు. ఆ ముస్తాబు కాటికి వెళ్లడానికని మనకి కాస్త ఆలస్యంగా తెలుస్తుంది.

ఆ ఆలస్యమే పాటకి ప్రాణం. ‘ఆగిపోయింది’ అనగానే మన చెవికి గుండె, ఊపిరి గుర్తొస్తాయి. గుట్టు ముందే బయటపడిపోతుంది. అదే ‘ఆమెని ప్రేమించడం ఇవాళ మానేశాడు’ అంటే? సిగరెట్ మానేశాడు, బడి మానేశాడు అన్నట్టు, మనిషి తనంతట తాను వదిలేసిన పని అది. ‘పోనీలే, ఇన్నాళ్లకి తేరుకున్నాడు’ అనుకుంటాం. సరిగ్గా ఆ పొరపాటే మన చేత చేయించాలి పాట.

‘మరి గాయం మానడం సంగతో?’ అంటారా?

అడిగినందుకు చాలా థాంక్స్ అండీ, నేను మర్చేపోయాను! పుండు మానింది అన్నా అదే ధాతువు. వదిలేయడం, నయమవడం రెండూ ఒకే మాటలో ఉన్నాయి మనకి. ఇంగ్లీషు ‘స్టాప్’లో ఆ రెండో అర్థం లేదు. ఈ ఒక్కచోట మూలం కంటే తెలుగే ఎక్కువ చెప్తుంది.

జోన్స్‌కి మొదట ఈ పాట నచ్చలేదు. ఇంత చావు వాసన కొట్టే పాట ఎవరు కొంటారన్నాడు. నిర్మాత బిల్లీ షెరిల్ పట్టు వదల్లేదు. చివరికి అది కంట్రీ పాటల పట్టికలో మొదటి స్థానానికి చేరింది, జోన్స్‌కి గ్రామీ అవార్డు తెచ్చింది. కంట్రీ మ్యూజిక్ అసోసియేషన్ 1980, 1981 రెండేళ్లూ దీన్నే ఉత్తమ గీతంగా ఎంచింది. 2013లో జోన్స్ పోయినప్పుడు నాష్‌విల్‌లో అంత్యక్రియల సభలో మరో కంట్రీ గాయకుడు అలన్ జాక్సన్ ఈ పాటే పాడాడు. అక్కడ ‘ఇవాళ’ అన్న మాట ఎలా వినిపించి ఉంటుందో!

నాకు కొరుకుడు పడనిది ఇంకొకటుంది. అతని తలుపుకి పూలచక్రం కడతారు పాటలో. మన గుమ్మానికి కట్టేది తోరణం, అది శుభానికి. చావింటి గుమ్మానికి కట్టే పూలకి మీ వైపు ఏదైనా మాట ఉందా?