అనంతపురం ఎండలకు 5డబ్ల్యూ-30 ఆయిలు చాలదా?

ప్రశ్న (అనంతపురం నుంచి):
నా పెట్రోలు కారు 2017 నాటిది, ఇప్పటికి 92 వేల కిలోమీటర్లు తిరిగింది. బండితో పాటు ఇచ్చిన పుస్తకంలో 5డబ్ల్యూ-30 ఆయిలు పోయాలని ఉంది. మొన్న ఆయిలు మార్పించడానికి వెళ్తే, మన ఎండలకు అది నీళ్లలా పలుచబడిపోతుందనీ, 20డబ్ల్యూ-50 పోస్తేనే ఇంజిను నిలుస్తుందనీ మెకానిక్ గట్టిగా చెప్పారు. మే నెలలో ఇక్కడ 42 డిగ్రీలు మామూలే కనుక ఆయన మాట కొట్టిపారేయలేక, ఆయిలు మార్పించకుండానే తిరిగి వచ్చాను. ఏది పోయించమంటారు?

జవాబు (కడప నుంచి):
అయ్యా, పుస్తకంలో ఉన్నదే పోయించండి. బయట 42 డిగ్రీలున్నా 25 ఉన్నా, ఇంజిను వేడెక్కిన తరువాత వేడిని అదుపు చేసే థర్మోస్టాటు, ఇంజినును చల్లబరిచే ద్రవమైన కూలెంటును దాదాపు 90 డిగ్రీల దగ్గరే నిలుపుతుంది. ఆయిలు వేడి కూడా సాధారణంగా నూరు డిగ్రీలకు అటూ ఇటూగానే ఉంటుంది. రెండో అంకె చెప్పేది ఆ వేడిలోని చిక్కదనాన్నే. నూరు డిగ్రీల వద్ద 30 గ్రేడు ఆయిలు 9.3 నుంచి 12.5 సెంటీస్టోకుల (చిక్కదనపు కొలమానం) మధ్య ఉండాలి, 50 గ్రేడు ఆయిలు 16.3 నుంచి 21.9 మధ్య ఉండాలి. పలుచని ఆయిలుకు తగినట్టు బేరింగుల సందులు పెట్టిన ఇంజినులో అంత చిక్కనిది పోస్తే మైలేజీ తగ్గుతుంది.

డబ్ల్యూ అంటే చలికాలానికి గుర్తు, దాని ముందున్న అంకె చల్లగా ఉన్నప్పుడు ఆయిలు ఎంత తేలికగా పారుతుందో చెబుతుంది. మనకు మంచు పడదు కదా అని ఆ అంకెను చాలామంది పట్టించుకోరు గానీ, నూరు డిగ్రీల్లో పనిచేసే ఆయిలుకు మన తెల్లవారుజాము చల్లదనమే చలి. డిసెంబరులో ఈ రెండు ఆయిళ్లనూ చెరొక గాజు సీసాలో సగం దాకా పోసి రాత్రంతా ఆరుబయట ఉంచి, పొద్దున ఆరింటికి రెండింటినీ ఒక్కసారే వంచి చూశాను. 5డబ్ల్యూ-30 వెంటనే మూతి దాకా జారింది. 20డబ్ల్యూ-50 మాత్రం తేనెలా గాజును పట్టుకుని మెల్లగా కదిలింది. స్టార్టు చేసిన తొలి క్షణాల్లో ఇంజిను పైభాగం ఎదురుచూసేది ఆ ఆయిలు కోసమే.

జవాబు (కర్నూలు నుంచి):
పై మిత్రుని మాటతో ఏకీభవిస్తున్నాను. అయితే మెకానిక్ గారిని తప్పుపట్టవద్దు. పాత కార్బురేటరు బండ్లకు 20డబ్ల్యూ-50 సరైన ఆయిలే. మీరు ముందు చూడవలసినది మీ ఇంజిను ఆయిలు తాగుతున్నదా లేదా అన్నది. బండిని సమతలంగా ఉన్న చోట ఆపి, పది నిమిషాలాగి, డిప్‌స్టిక్కును (ఆయిలు మట్టం చూసే కడ్డీని) తుడిచి మళ్లీ ముంచి చూడండి. వెయ్యి కిలోమీటర్లకు మట్టం బాగా దిగుతున్నా, గువ్వలచెరువు ఘాటు వంటి ఎక్కుడులో నిండు బరువుతో తరచూ నడుపుతున్నా, పుస్తకం అనుమతిస్తే 5డబ్ల్యూ-40కి మారవచ్చు. ఒక్క మెట్టు చాలు.

ప్రశ్న అడిగినవారు:
ఈ ఉదయమే చూశాను. పోయిన నెల గుర్తు పెట్టుకున్న మట్టం కన్నా వెంట్రుకవాసి కూడా దిగలేదు. 5డబ్ల్యూ-30 డబ్బా నేనే కొనుక్కుని మెకానిక్ దగ్గరికి వెళ్తాను. మీ ఇద్దరికీ కృతజ్ఞతలు.