కార్డు బిల్లుపై "కనీస మొత్తం" అన్న గడి ఉండాలా, తీసేయాలా?

మారతహళ్ళి అన్నయ్య (చర్చ మొదలుపెట్టినవారు):
అనంతపురం నుంచి నిరుడు బెంగళూరు వచ్చి ఉద్యోగంలో చేరిన మా చిన్నాన్నగారి అబ్బాయి, కొత్త ఇంటికి మంచం, ఫ్రిజ్, ల్యాప్‌టాప్ అన్నీ క్రెడిట్ కార్డు మీదే కొన్నాడు. బిల్లు 60,000 రూపాయలు వచ్చింది. దాని పక్కనే "కనీస మొత్తం 3,000" అని కనిపించగా, నెలవారీ వాయిదా అదే కాబోలనుకొని అంతే కట్టి ఊరుకున్నాడు. మిగిలిన 57,000కు నెలకు 3.5 శాతం చొప్పున 1,995 రూపాయల వడ్డీ, ఆ వడ్డీపై 18 శాతం జీఎస్టీ మరో 359 రూపాయలు. అంటే మళ్ళీ 3,000 కట్టినా అసలులో తగ్గేది దాదాపు 650 రూపాయలే. నిజానికి వడ్డీని కొన్న తేదీ నుంచే లెక్కిస్తారు గనుక మొదటి నెల భారం ఇంకా ఎక్కువ.

మన ఊళ్ళలో ఎవరైనా నూటికి రెండు రూపాయల వడ్డీకి అప్పు తెచ్చారంటేనే ఇంట్లో పెద్దలు కలవరపడతారు. ఇక్కడ జీఎస్టీతో కలిపి నూటికి నాలుగు రూపాయలు దాటుతోంది, అదీ చక్రవడ్డీ. చదువుకున్న పిల్లవాడే పొరబడ్డాడంటే, ఆ గడిని తీసేసి మొత్తం బాకీని మాత్రమే చూపాలని నా వాదన.

జయనగర్ విశ్రాంత బ్యాంకు ఉద్యోగి:
మీ బాధ అర్థమైంది నాయనా, కానీ ఆ గడి తీసేస్తే నష్టపోయేది జీతం పది రోజులు ఆలస్యమైనవాడే. కనీస మొత్తం కట్టినవారికి ఆలస్య రుసుము పడదు, మన అప్పుల చరిత్రను నమోదు చేసే క్రెడిట్ సమాచార సంస్థల దగ్గర బకాయిదారుగా పేరు నమోదు కాదు. 2022లో రిజర్వు బ్యాంకు ఇచ్చిన ఆదేశాల ప్రకారం, గడువు దాటి మూడు రోజులకు మించితేనే ఆలస్య రుసుము వేయాలి, కట్టని రుసుములనూ పన్నులనూ అసలులో కలిపి వాటిపై వడ్డీ వేయకూడదు. కనీసమే కడుతూ పోతే అప్పు ఏళ్ళ తరబడి సాగుతుందన్న హెచ్చరికను బిల్లుపై ముద్రించాలని కూడా అందులో ఉంది. మీ తమ్ముడు వెంటనే తెలుసుకోవలసింది వేరే ఉంది: పాత బాకీ మిగిలి ఉన్నంతకాలం కొత్త కొనుగోళ్ళకు వడ్డీ లేని గడువు వర్తించదు, రేపు కొనే పచారీ సరుకులకు కూడా రేపటి నుంచే వడ్డీ మొదలవుతుంది. బాకీ తీరేదాకా ఆ కార్డును పక్కన పెట్టమనండి.

కోరమంగల గృహిణి:
హెచ్చరిక ఉన్నదన్నారు, బాగానే ఉంది, కానీ "ఏళ్ళ తరబడి" అన్న మాటతో ఎవరి కళ్ళూ తెరుచుకోవు. అమెరికాలో 2009 నాటి చట్టం వల్ల, కనీసమే కడితే బాకీ తీరడానికి ఎంతకాలం పడుతుందో, మొత్తం ఎంత చెల్లించవలసి వస్తుందో ఆ వినియోగదారుడి సొంత బాకీకే లెక్కగట్టి బిల్లుపై చూపాలి. మన దగ్గర కూడా అటువంటి లెక్కను రూపాయలలో చూపితే గడి ఉన్నా నాకు అభ్యంతరం లేదు. వడ్డీకి పరిమితి మాటకు వస్తే, ఏడాదికి 30 శాతం దాటితే అనుచిత వ్యాపార పద్ధతేనని జాతీయ వినియోగదారుల కమిషన్ 2008లో చెప్పింది, ఆ తీర్పును సుప్రీంకోర్టు 2024 డిసెంబరు 20న కొట్టివేసింది. కాబట్టి ఇప్పుడు మనం అడగవలసింది రిజర్వు బ్యాంకునే.

మారతహళ్ళి అన్నయ్య:
పెద్దాయన చెప్పినట్టే కార్డు వాడకం ఆపించాను. జీతం ఖాతా ఉన్న బ్యాంకులో ఏడాదికి 14 శాతానికి వ్యక్తిగత రుణం దొరికింది, అదే 57,000కు మొదటి నెల వడ్డీ 665 రూపాయలు. కార్డును రద్దు చేయమని అడిగితే మాత్రం ఆ కార్డు ఇచ్చిన బ్యాంకువారు రకరకాల ఆఫర్లు చెప్పి వాయిదా వేస్తున్నారు.

జయనగర్ విశ్రాంత బ్యాంకు ఉద్యోగి:
బాకీ పూర్తిగా తీర్చిన తరువాత రద్దు కోరుతూ ఈమెయిల్ పంపి, దాన్ని దాచుకోమనండి. ఏడు పనిదినాలలో రద్దు చేయకపోతే, ఆపైన ఆలస్యమైన ప్రతి రోజుకూ 500 రూపాయలు బ్యాంకే అతనికి చెల్లించాలి. ఆ బ్యాంకుకు చేసిన ఫిర్యాదుకు 30 రోజులలో జవాబు రాకపోతే, బ్యాంకులపై ఫిర్యాదులను విచారించే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు ఉచితంగా రాయవచ్చు.

మారతహళ్ళి అన్నయ్య:
రేపే పంపిస్తాడండీ. గడి విషయంలో మాత్రం నా మాట మార్చుకోలేను. కోరమంగల అక్కగారు అడిగిన లెక్క బిల్లుపైకి వచ్చేదాకా, ఆ 3,000 అంకె మరో పిల్లవాడిని తప్పుదోవ పట్టిస్తూనే ఉంటుంది.