చర్చ: మంగోలియా చాత్సర్గనను యాంటీబయాటిక్ అనొచ్చా?

గోబీ ఇంజనీరు: రిఫైనరీ పని మీద మంగోలియాలోని సైన్‌షాండ్ దగ్గర రెండు చలికాలాలుగా ఉంటున్నాను. ఇక్కడ దగ్గొస్తే చాత్సర్గన రసం వేడినీళ్లలో కలిపి ఇస్తారు. మనవాళ్లు సీ బక్‌థార్న్ అంటారు, లడఖ్‌లోనూ కాస్తుంది. పుల్లటి నారింజరంగు పండు, ఊవ్స్ ప్రాంతానిది బాగా పేరున్నది. విటమిన్ సి, కెరోటినాయిడ్లు దండిగా ఉంటాయి. బాక్టీరియాను చంపుతుందని ల్యాబ్‌లో కూడా తేలింది. మరి యాంటీబయాటిక్ అనడానికి అభ్యంతరమేంటి?

అగర్ ప్లేట్: ఏం తేలిందండీ? ఎమ్మెస్సీలో నేను చాత్సర్గన నూనె మీదే పనిచేశాను. స్టఫిలోకోకస్ అనే బాక్టీరియా పూసిన ప్లేటు మీద నూనెలో తడిపిన కాగితం బిళ్ల పెట్టి, చుట్టూ బాక్టీరియా పెరగని వలయం కొలుస్తాం. నాకొచ్చింది 8 మిల్లీమీటర్లు. అందులో బిళ్లే 6! ఈ.కోలై అనే ఇంకో బాక్టీరియా మీద అసలేమీ రాలేదు.

పాలమూరు బాబాయ్: నూనె ప్లేటులోని అగర్ జెల్లీలో సరిగా పాకదు కదమ్మా. వలయం చిన్నదైతే పని చేయనట్టు కాదు. ద్రవంలో పలచన చేసుకుంటూ ఎంఐసీ, అంటే బాక్టీరియా పెరగకుండా ఆపే కనీస మోతాదు, చూశారా?

అగర్ ప్లేట్: చూడలేదు, ఒప్పుకుంటాను. అయినా 8 అంటే 8 కాదు, 2 అని జనానికి తెలియాలి.

ఉసిరిచెట్టు: మన ఉసిరి ఉండగా అంత దూరం ఎందుకు?

గోబీ ఇంజనీరు: బిళ్ల ఎంతైతే నాకేంటి? మూడు రోజుల్లో నా గొంతు నొప్పి తగ్గింది. నాతో పనిచేసే అబ్బాయి వాళ్ల అమ్మమ్మ పంపిన రసం అది. తరతరాలుగా వాడుతున్నవాళ్లకు తెలివి లేదా?

అగర్ ప్లేట్: ఫిన్లాండ్‌లో 254 మందితో 90 రోజులు పరీక్షించి 2008లో ప్రచురించారు. కొందరికి రోజుకు 28 గ్రాముల ఈ పండు, మిగతావాళ్లకు అలాగే కనిపించే ఉత్తిది. జలుబులో తేడా రాలేదు. ఒంట్లో వాపును సూచించే సీఆర్పీ అనే రక్తపరీక్ష అంకె మాత్రం కొద్దిగా తగ్గింది. ఇక మీరన్న కెరోటినాయిడ్ల సంగతా? 1994లో అక్కడే 29,133 మంది పొగతాగేవాళ్ల మీద చేసిన పరీక్షలో, వాటిలో ఒకటైన బీటా కెరోటిన్ మాత్రలు మింగినవాళ్లకే లంగ్ క్యాన్సర్ ఎక్కువొచ్చింది.

గోబీ ఇంజనీరు: పండు రసం అంటే క్యాన్సర్ దాకా లాగారు! మీకు నాటువైద్యమంటేనే చిన్నచూపు. ఆ ముసలమ్మ నన్ను చూసుకున్నట్టు ఇక్కడ ఇంకెవరూ చూసుకోలేదు.

అగర్ ప్లేట్: చిన్నచూపు కాదండీ. మా నాన్నకు షుగర్. కాలి వేలికి పుండు పడింది. ఎవరో ఇచ్చిన ఈ నూనె సీసా మీద "యాంటీబాక్టీరియల్, ల్యాబ్‌లో నిరూపితం" అని ఉంది. నెల రోజులు అదే రాసుకున్నారు, డాక్టర్ దగ్గరికి రానన్నారు. చివరికి వేలు తీసేశారు. నా ప్లేటు మీద వలయం వచ్చిందని ఇంట్లో సంబరంగా చెప్పింది నేనే. నా మాట నమ్మే రాసుకున్నారు.

ఉసిరిచెట్టు: అయ్యో.

పాలమూరు బాబాయ్: బాబూ, ఆ అమ్మమ్మ దీన్ని యాంటీబయాటిక్ అందా?

గోబీ ఇంజనీరు: లేదు. కఫం తెగుతుంది, వెచ్చగా తాగమంది, అంతే. ఆ మాట నేను తగిలించిందే. అగర్ ప్లేట్ గారూ, మా పెద్దమ్మకూ షుగరే. పాదాల పగుళ్లకని పోయిన నెల రెండు సీసాల నూనె పంపాను, ఏ పుండైనా మానుతుందని కూడా చెప్పాను. ఇప్పుడే ఫోన్ చేస్తున్నాను.