ఎనిమిది నెలలైనా అసిస్టెంటు చేతికి కెమెరా ఇవ్వకపోవడం న్యాయమేనా?

కొత్తచేయి_హన్మకొండ:
బట్టల షాపులకు ఆన్‌లైన్ ఫొటోలు తీసే స్టూడియోలో చేరి 8 నెలలైంది. స్టీమర్‌తో ముడతలు తీయడం, కుచ్చిళ్లు సర్దడం, బొమ్మకు కుర్తా లూజైతే వెనకాల క్లిప్పులు పెట్టడం, ఇదే పని. కెమెరా ముట్టనివ్వరు. ఇది నేర్పడమా, చాకిరీ చేయించుకోవడమా?

పాతరీలు:
తమ్మీ, అదే అసలు పని. ముడత స్టీమర్‌తో రెండు నిమిషాల్లో పోతుంది, ఎడిటింగ్‌లో అరగంట తింటుంది. మొన్న ఒక వంగపండు రంగు పట్టుచీర తీశాం. మా ఎల్ఈడీ లైటు 5500 కెల్విన్, అంటే పగటి తెలుపు; పైన షాపు వాళ్ల పసుపు బల్బు 3000 దగ్గర. అంచు ఊదాగా, కొంగు ఎర్రగా వచ్చింది. బల్బు ఆర్పి, గ్రే కార్డు (రంగు సరిచూసుకునే బూడిదరంగు అట్ట) పెట్టి వైట్ బ్యాలెన్స్ (తెలుపు తెల్లగానే వచ్చేలా చేసే కెమెరా సెట్టింగు) సరిచేస్తేనే అసలు రంగు దొరికింది. రంగు తేడా వస్తే చీర వాపస్ వస్తుంది, షాపాయన మనల్నే అడుగుతాడు. ప్రతి చీరకూ కార్డు పెట్టాల్సిందే.

మడికొండ_క్లిక్:
ప్రతి చీరకూ ఎందుకు? లైటు మారకపోతే పొద్దున ఒకసారి చాలు.

పాతరీలు:
షట్టరు ఎత్తితే రోడ్డు మీది ఎండ లోపలికి రాదా?

మడికొండ_క్లిక్:
నల్ల తెర కట్టుకోండి. రోజుకు 60 చీరలు తీసేవాళ్లకు 60 సార్లు కార్డు కుదరదు.

కాజీపేట_అక్క:
ఆ పిల్లగాడు అడిగింది కార్డు సంగతా?

కొత్తచేయి_హన్మకొండ:
థ్యాంక్స్ అక్కా. కార్డు నాకు తెలుసన్నా. జరీ మెరుపు ఎక్కువైతే లైటు పక్కకు జరిపి, వెలుగును మెత్తబరిచే డిఫ్యూజర్ తెర వేయాలనీ తెలుసు. చూసే నేర్చుకున్నా. నా చేత్తో ఒక్క ఫ్రేమైనా తీయనివ్వాలి కదా?

పాతరీలు:
తీయనిస్తే ఏమైందో చెప్తా విను. ఒకడికి అన్నీ నేర్పిన. నా దగ్గరున్న షాపుల నంబర్లన్నీ పట్టుకుపోయి, చీరకు 10 రూపాయలు తక్కువకు తీస్తానని పక్క వీధిలోనే పెట్టుకున్నాడు. ఆ ఏడాది మా ఇంట్లో బతుకమ్మకు కొత్త బట్టల్లేవు. అందుకే ఎవరికీ ఇవ్వను.

కాజీపేట_అక్క:
అయితే ఇది ముడతల గురించి కాదన్నమాట. వాడు చేసినదానికి ఈ పిల్లగాడు ఎందుకు పడాలి?

కొత్తచేయి_హన్మకొండ:
అన్నా, 8 నెలల్లో నాకు జీతం వచ్చింది 3 నెలలకే. అడిగితే పని నేర్చుకుంటున్నావు కదా అంటారు. నేర్పడం లేదు, ఇవ్వడమూ లేదు.

పాతరీలు:
జీతం ఆపడం తప్పు. అది నేను ఏనాడూ చేయలేదు. కెమెరా సంగతి మాత్రం వేరు. మీరంతా రేపు షాపు పెట్టుకునేవాళ్లే.

కొత్తచేయి_హన్మకొండ:
లెన్స్ మూత కొనడానికి కూడా నా దగ్గర పైసల్లేవన్నా, షాపు ఎక్కడ పెట్టాలి?