ఫ్లెవోలాండ్ పెంకులు: తెల్ల పొడి, జిగురు సంగతి

ప్రశ్న (గుంటూరు): నెదర్లాండ్స్‌లో సముద్రాన్ని తోడేసి సాగులోకి తెచ్చిన ఫ్లెవోలాండ్ నేలలోని స్టోన్‌వేర్ (బాగా ఎక్కువ వేడిలో గట్టిగా కాల్చిన మట్టి) జగ్గు పెంకులు ఏడు మా కాలేజీకి పాఠాల కోసం వచ్చాయి. ఒకదానిపై గడ్డం మొహం. విరిగిన అంచుల్లో తెల్ల పొడి రాలుతోంది. నిమ్మరసంతో కడగొచ్చా? దేనితో అతికించాలి?

జవాబు 1: గడ్డం మొహం మెడ మీదుంటే అది బార్ట్‌మన్ జగ్గు, 16-17 శతాబ్దాలది. జర్మనీలోని కొలోన్, ఫ్రెచెన్‌లలో ఎక్కువగా చేశారు. పైన నారింజ తొక్కలాంటి గరుకు కనిపిస్తోందా? బట్టీలో ఉప్పు చల్లినందుకు వచ్చిన మెరుగు అది.

జవాబు 2: నిమ్మరసం వద్దండి. సున్నం కరుగుతుంది గానీ ఆ ఆమ్లం పగుళ్లలోకి దిగి కొత్త లవణాలు మిగులుస్తుంది. ముందు తడి దూదితో అద్దండి. పొడి కరిగితే ఉప్పు, కరగకపోతే సున్నమో, అంటుకున్న గుల్లల పొడో. ఉప్పయితే ప్లాస్టిక్ ట్రేలో, పెంకులకు పదింతల డిస్టిల్డ్ వాటర్ పోయండి. రోజూ నీళ్లు మార్చే ముందు టీడీఎస్ మీటర్ (నీళ్లలో కరిగిన లవణాలను చూపేది) పెట్టి అంకె రాసుకోండి. రెండు మూడు రోజులు అంకె పెరగకుండా నిలిస్తే చాలు. నీడలోనే ఆరనివ్వండి. ఎండలో పెడితే మిగిలిన ఉప్పు అంచుకు వచ్చి మెరుగును పొరలుగా లేపుతుంది.

జవాబు 3 (బెజవాడ): ఇన్‌స్టంట్ గమ్ముల జోలికి పోవద్దు, అతుకు తప్పితే సరిదిద్దడం నరకం. మామూలుగా అసిటోన్‌లో కరిగించిన పారలాయిడ్ బి-72 అనే అక్రిలిక్ జిగురు వాడతారు, తర్వాత అసిటోన్‌తోనే విప్పొచ్చు. కానీ అది 40 డిగ్రీల దగ్గరే మెత్తబడుతుంది. మన మే నెలలో ఏసీ లేని గదిలో బరువు ముక్క మెల్లగా జారుతుంది. మూడు వంతుల బి-72కి ఒక వంతు బి-48ఎన్ (అదే రకంలో ఇంకాస్త వేడికి ఓర్చేది) కలిపితే కాస్త నిలుస్తుంది. ఎండ వేళ అతికించకండి, అసిటోన్ గబగబా ఎగిరి బుడగలొస్తాయి. ఇసుక గిన్నెలో నిలబెట్టి, అతుకు పైకి ఉండేలా ఒక రాత్రి వదిలేయండి.

ప్రశ్న అడిగినవారు: పొడి కరిగింది. ట్రే తెస్తున్నా.