పిల్లల ఎమర్జెన్సీ చేతిలోంచి జారిపోకుండా మీరంతా ఏం చేస్తున్నారు?

క్యాజువాల్టీ_డాక్:
అందరికీ నమస్తే. నేను జనరల్ ఎమర్జెన్సీలో చేస్తున్నా, మా దగ్గరికి వచ్చేది దాదాపు అంతా పెద్దవాళ్ళే, నిజంగా సీరియస్‌గా ఉన్న పిల్లలు ఎప్పుడో ఒకసారి వస్తారు. పాల్స్ (ప్రాణాపాయంలో ఉన్న పిల్లలకి ఏం చేయాలో నేర్పే కోర్సు) చేసి 14 నెలలైంది, కార్డు 2 ఏళ్ళు చెల్లుతుంది కాబట్టి కాగితం మీద అంతా ఓకే. కానీ పోయిన వారం ఏడాది పాప ఫిట్స్‌తో వచ్చింది, వచ్చేసరికే 10 నిమిషాలు దాటేసింది, ఐవీ లైన్ (నరంలోకి సూది) దొరకట్లేదు, సరే ఫిట్స్ ఆపే మందు మిడజోలామ్ ముక్కులో వేద్దామని కిలోకి 0.2 మిల్లీగ్రాములు అని టకీమని చెప్పేశా, తీరా చేతిలోకి వచ్చిన వయల్ మిల్లీలీటర్‌కి 1 మిల్లీగ్రాముదా 5 మిల్లీగ్రాములదా అని చూసుకుని, ఎంత లాగాలో లెక్క తేల్చి, అది సరేనా అని ఇంకోసారి చూసుకునేసరికి ఒక నిమిషం పైనే పోయింది. పాప కోలుకుంది, ఇంటికి కూడా వెళ్ళిపోయింది. నాకు మాత్రం ఆ నిమిషమే తిరుగుతోంది బుర్రలో. ఆన్‌లైన్ సీఎంఈలు (డాక్టర్ల నిరంతర శిక్షణ క్లాసులు) వదలకుండా చూస్తున్నా, క్రెడిట్లు పడుతున్నాయి, కానీ బెడ్ దగ్గర నిలబడితే అవేవీ అక్కరకు రావట్లేదు. పిల్లల కేసులు తక్కువగా చూసేవాళ్ళు ఎలా టచ్‌లో ఉంటున్నారు?

చిన్నపల్స్:
డాక్టర్ గారూ, ముందు ఒక మాట, డోసు మీకు గుర్తుంది, ఆగిపోయింది నోటికీ సిరంజికీ మధ్యలో. ఆ మధ్యలో జరిగేది ఏ వీడియో చూసినా రాదండి, చేత్తో చేస్తేనే వస్తుంది. కోర్సులో నేర్చుకున్న సీపీఆర్ (గుండె ఆగితే ఛాతీ నొక్కి, ఊపిరి ఇవ్వడం) స్కిల్స్ 3 నుంచి 6 నెలల్లోనే జారడం మొదలవుతాయి, అందుకే అమెరికన్ హార్ట్ అసోసియేషన్ కూడా 2 ఏళ్ళకోసారి కోర్సు అన్నదానికి తోడు 3 నెలలకోసారి కొద్దిసేపు ప్రాక్టీస్ చేసే పద్ధతి కూడా తెచ్చింది.

మేం చేసేది చాలా చిన్నది. వారానికి ఒకరోజు, డ్యూటీ మారే టైమ్‌లో, 10 నిమిషాలు, సీరియస్ కేసులు చూసే మా రీసస్ రూమ్‌లోనే, మా డ్రాయర్లే తెరిచి, మా సిరంజిలతోనే. ఉదాహరణకి షాక్‌లో ఉన్న 10 కిలోల బాబు అనుకుంటాం, సెలైన్ కిలోకి 10 మిల్లీలీటర్లు అంటే 100, త్రీవే (మూడు దారుల కుళాయి) తగిలించి 20 మిల్లీలీటర్ల సిరంజితో 5 సార్లు లాగి తోయాలి. చెప్పడానికి ఎంత తేలికో చూడండి, కానీ మొదటిసారి చేసినప్పుడు త్రీవే ఎటు తిప్పాలో మా అందరికీ తడబాటే, లాగిందంతా మళ్ళీ బాటిల్‌లోకే పోయింది. తప్పు జరిగిన చోటే ఆపేస్తాం, అక్కడే సరిచేసి, మళ్ళీ మొదట్నుంచి చేయిస్తాం. దీన్ని ర్యాపిడ్ సైకిల్ డెలిబరేట్ ప్రాక్టీస్ అంటారు, జాన్స్ హాప్కిన్స్‌లో ఎలిజబెత్ హంట్ టీమ్ 2014లో పబ్లిష్ చేసింది, ఇలా నేర్పిన పిల్లల రెసిడెంట్లలో కంప్రెషన్లు (ఛాతీ నొక్కడం) ఆగిపోయే టైమ్ తగ్గిందని చూపించారు. నాకైతే చివర్లో కూర్చుని గంటసేపు డీబ్రీఫ్ (జరిగినదాని మీద చర్చ) చేయడంకన్నా ఇదే బాగా పనిచేసింది.

నైట్‌షిఫ్ట్_సిస్టర్:
మేడమ్ చెప్పింది నిజం, కానీ ఒకటి కలపాలి. ట్రైనింగ్‌కి డాక్టర్లని పంపుతారు, మందు లాగేది మేము. మమ్మల్ని వదిలేసి డ్రిల్ చేస్తే సగం పనే అయినట్టు.

మా డ్రిల్‌లో ఒకసారి సర్ "అడ్రినలిన్ పాయింట్ వన్" అన్నారు. మిల్లీగ్రామా, మిల్లీలీటరా? 10 కిలోల బిడ్డకి అరెస్ట్‌లో (గుండె ఆగితే) 0.1 మిల్లీగ్రాము, అంటే మిల్లీలీటర్‌కి 1 మిల్లీగ్రాము ఉన్న ఆంప్యూల్‌ని 9 మిల్లీలీటర్ల సెలైన్‌తో కలిపి అందులోంచి 1 మిల్లీలీటర్ ఐవీ. అదే బిడ్డకి అనాఫిలాక్సిస్ (ప్రాణాల మీదికి తెచ్చే అలర్జీ) అయితే అదే 0.1 మిల్లీగ్రాము, కానీ కలపకుండా 0.1 మిల్లీలీటర్, తొడ కండలోకి. మిల్లీగ్రాములు ఒకటే, సిరంజి వేరు, దారి వేరు. ఆరోజు నుంచి మా రూల్ ఏంటంటే మిల్లీగ్రాములు, మిల్లీలీటర్లు, ఏ దారి, మూడూ చెప్పాలి, నేను తిరిగి చెప్పాకే లాగుతా. మీ మిడజోలామ్‌కి కూడా అంతే, 10 కిలోలకి 2 మిల్లీగ్రాములు, 5 మిల్లీగ్రాముల వయల్ అయితే 0.4 మిల్లీలీటర్, 1 మిల్లీగ్రాముది అయితే 2 మిల్లీలీటర్లు, అంత ముక్కులో పోస్తే సగం గొంతులోకే పోతుంది. కిలోల వారీగా మిల్లీలీటర్లు రాసిన కార్డు ట్రాలీకి కట్టండి, పక్కనే బ్రోస్లో టేప్ (బిడ్డ పొడవుని బట్టి బరువు అంచనా వేసే రంగుల టేప్) పెట్టండి, బరువు తెలియకపోయినా పొడవు చూసి పని మొదలవుతుంది.

రాత్రి_పుస్తకం:
డ్రిల్స్ సరే, చదువుని మాత్రం చిన్నచూపు చూడకండి, మనం సరిగ్గా ప్రాక్టీస్ చేసేది పాత పద్ధతి అయితే ఏం లాభం. 2025 అమెరికన్ హార్ట్ అసోసియేషన్ గైడ్‌లైన్స్‌లో పసిపిల్లలకి రెండు వేళ్ళతో కంప్రెషన్ తీసేశారు, లోతు రావట్లేదని, ఇప్పుడు రెండు బొటనవేళ్ళు లేదా ఒక అరచేతి మడమ. ఫ్లూయిడ్స్ సంగతీ అంతే, 2011లో ఫీస్ట్ ట్రయల్ ఉగాండా, కెన్యా, టాంజానియాల్లో 3,000 మందికి పైగా పిల్లల మీద జరిగింది, బోలస్ (ఒకేసారి గబగబా ఎక్కించే ఫ్లూయిడ్) ఇచ్చినవాళ్ళలో 48 గంటల్లో మరణాలు ఎక్కువయ్యాయి. ఐసీయూ సపోర్ట్ లేని చోట చేసింది కాబట్టి అందరికీ యథాతథంగా వర్తించదు, కానీ ప్రతి బోలస్ తర్వాత ఆగి లివర్ పెరిగిందా, ఊపిరితిత్తుల్లో క్రెప్స్ (చిటపట శబ్దాలు) వచ్చాయా అని చూసే అలవాటు నాకు అది చదివాకే వచ్చింది.

నా పద్ధతి ఒకటే, ఆరోజు చూసిన బిడ్డ గురించే ఆ రాత్రి చదువుతా. తలకి దెబ్బ తగిలిన పిల్లాడు వస్తే పీకార్న్ రూల్ (సీటీ స్కాన్ అవసరమా అని తేల్చేది), ఫిట్స్ మొదటి మందుకి ఆగకపోతే రెండో మందు ఏది అని. డోంట్ ఫర్గెట్ ద బబుల్స్, ఓపెన్ పీడియాట్రిక్స్ వెబ్‌సైట్లు రెండూ ఫ్రీ. బిడ్డ మొహం గుర్తుంటే చదివింది కూడా గుర్తుంటుంది.

క్యాజువాల్టీ_డాక్:
అందరికీ చాలా థాంక్స్. నిన్న నైట్‌లో ఆగలేక ఇద్దరు సిస్టర్లతో మొదటి డ్రిల్ చేసేశా, అదే ఫిట్స్ కేసు. లెక్క ఈసారి వెంటనే వచ్చింది, కానీ ముక్కులో స్ప్రే చేసే అటామైజర్ ట్రాలీలో లేదు, తాళం వేసిన బీరువాలో ఉంది, తాళం పగలు డ్యూటీ వాళ్ళ దగ్గర. ఆ రాత్రి లెక్క సరిగ్గా చేసినా నా దగ్గర వేసే సాధనమే లేదన్నమాట. పొద్దున్నే రెండు తెప్పించి ట్రాలీ పై డ్రాయర్‌లో పెట్టించా. వచ్చే వారం అనాఫిలాక్సిస్. సిస్టర్ గారూ, మీ కార్డులో ఎన్ని కిలోల నుంచి ఎన్ని కిలోల దాకా రాశారు?

నైట్‌షిఫ్ట్_సిస్టర్:
3 నుంచి 36 దాకా, టేప్ రంగుల ప్రకారమే. ముందు మీ స్టోర్‌లో ఏ వయల్ వస్తుందో చూసి అప్పుడు రాయండి, వయల్ మారిన రోజే కార్డు కూడా మార్చాలి.