ఆఫీసులో పచ్చగోడా, కుండీలా?

నీలిగడప: గచ్చిబౌలిలో 120 మంది పనిచేసే ఫ్లోరు. లిఫ్టు లాబీలో 6 మీటర్ల ఖాళీ గోడ ఉంది. జనం ఆగి నాలుగు మాటలు మాట్లాడుకునే పచ్చని చోటు కావాలట. పచ్చగోడ (గోడంతా వరసలుగా మొక్కలు పెంచేది) కట్టించమంటారా, కుండీలు పెట్టించమంటారా?

మట్టిచేతులు: కుండీలే. పచ్చగోడకి ఆకుల దగ్గర 1000 లక్స్ (వెలుగు కొలత) పైనే వెలుగు కావాలి. మామూలు ఆఫీసు లైట్లు బల్ల మీద ఇచ్చేది 300–500. మొక్కల కోసం పెట్టే గ్రో లైట్లు లేకుంటే కింది వరసలు ముందు పోతాయి. బోరు నీళ్లయితే మొక్కలకి చుక్కచుక్కగా నీళ్లిచ్చే డ్రిప్పర్లు ఉప్పు పేరుకుని మూసుకుపోతాయి, ఆ వరసంతా ఎండాకగానీ ఎవరికీ తెలియదు. స్నేక్ ప్లాంట్, జెడ్‌జెడ్, మనీప్లాంట్ పెట్టండి, తక్కువ వెలుగులోనూ నెట్టుకొస్తాయి.

పచ్చగోడ: అలాంటి గోడలు కట్టేది మేమే. ఫిల్టరు పెడితే డ్రిప్పర్లు అంతగా మూసుకుపోవండీ. కుండీల కింద ట్రేలో నీళ్లు నిలిచి మట్టి తడిగానే ఉంటే పుట్టే చిన్న ఈగల సంగతి ఎందుకు చెప్పరు?

మట్టిచేతులు: పైమట్టి రెండంగుళాలు ఆరాకే నీళ్లు పొయ్యాలి, ట్రే ఖాళీ చెయ్యాలి. అంతే. మీరు ఫిల్టరు అంటారు, దాన్ని కడిగేదెవరు?

చిరుగాలి: ఏదైనా గాలి శుభ్రమవుతుంది కదా.

మట్టిచేతులు: కాదు. మొక్కలు గాలిని శుభ్రం చేస్తాయని అందరూ చెప్పే 1989 నాసా పరీక్ష మూసిన చిన్న పెట్టెల్లో చేసింది. కిటికీ తీసినంత మార్పు రావాలంటే చదరపు మీటరుకి కనీసం 10 మొక్కలు కావాలని 2019 సమీక్ష లెక్క తేల్చింది.

నడవా: ఇద్దరూ డ్రిప్పర్ దగ్గరే ఆగిపోయారు. కూర్చునే చోట్ల మధ్య దూరం పెరిగేకొద్దీ ఉద్యోగుల మధ్య మాటలు తగ్గుతాయని అమెరికాలోని ఎంఐటీలో థామస్ అలెన్ 1970ల్లోనే చూపించాడు. అందుకే పచ్చదనం జనం ఎలాగూ వచ్చే కాఫీ మెషిన్ పక్కన ఉండాలి. 45 సెం.మీ. ఎత్తు బెంచీ, దాని వెనక నడుమెత్తు కుండీలు, నిలబడేవాళ్లకి 105 సెం.మీ. ఎత్తులో కప్పు పెట్టుకునే పలక, ముందు 1.5 మీటర్ల దారి. లిఫ్టు లాబీ అగ్నిప్రమాదంలో బయటికెళ్లే దారి, అక్కడ బెంచీ వేస్తే తనిఖీలో తీసేయిస్తారు.

పచ్చగోడ: లాబీలో గోడే కడతాం, బెంచీ ఎందుకు?

నడవా: కూర్చునే చోటు లేకపోతే మాట్లాడుకునేదెక్కడ? మీకు కావాల్సింది క్లయింటుకి చూపించే ఫొటో.

పచ్చగోడ: అవును, ఫొటోనే! ఇలాంటి గోడలకి డబ్బు రిసెప్షన్ అలంకరణ పద్దు కింద వస్తుంది. ఉద్యోగులు అరగంట బెంచీ మీద కనిపిస్తే పైవాళ్లు ఊరుకుంటారా?

నడవా: ఇదేదో మొదటే చెప్పొచ్చు కదా, డ్రిప్పర్ల దగ్గర ఇంత గొడవెందుకు!

మట్టిచేతులు: పలక నీటికి ఉబ్బని ప్లైతో చేయించండి.

నీలిగడప: లాబీ ఆలోచన మానేశాం. కాఫీ మెషిన్ దగ్గర గోడ 3 మీటర్లే. బెంచీ ఎన్ని అడుగులు పెట్టొచ్చు?

నడవా: ఐదడుగులు. మిగతాది పలకకి వదలండి.